రొయ్య కొట్టిన చప్పుడు

ముందు గది,
ఉప్పు సంచుల మధ్య నుంచి

వదినగారికి నమస్కారాలు.

ఫోన్ చేస్తే ఎప్పటిలాగే అన్నయ్యగారు ఎత్తారు. మీరు స్నానానికి వెళ్ళారట. నేను ఎప్పుడు చేసినా మీరు స్నానంలోనే ఉంటారు. మీ అంత శుభ్రమైన మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు ఉండరు. సరే, మీకు ఉత్తరాలే ఇష్టం, నాకూ రాసుకుంటే గాని ఏదీ తెమలదు. అందుకని ఇదిగో.

ఫిర్యాదు మీ తమ్ముడి మీదే. ఆయన మా ముందు గదిలో సముద్రం పెడుతున్నారు.

వయసు యాభైకి దగ్గర పడుతుంటే కొందరు జుట్టుకు రంగు వేస్తారు, కొందరు మోటారు సైకిలు కొంటారు. మీ తమ్ముడు రొయ్యను తెస్తున్నారు. మామూలు రొయ్య కాదుట. మాంటిస్ ష్రింప్ అంటారుట. సగం రొయ్య, సగం మిడత, ఒంటి మీద నెమలి రంగులు, ముందు రెండు గుద్దే చేతులు. ఆ చేతులతో నత్తగుల్లని ఒక్క దెబ్బకి పగలగొడుతుందిట. గాజు తొట్టె అయితే బీట వారుతుందని దళసరి అక్రిలిక్ తొట్టె చేయించారు. పక్కన చేపని పెట్టకూడదు, పెడితే మర్నాటికి చేప ఉండదు. “మరి ఒక్కర్తే ఏం చేస్తుందండీ?” అంటే, “బొరియలో కూచుని బయటికి చూస్తూ ఉంటుంది” అన్నారు. ఆ మాత్రం దానికి ఇంట్లో నేను లేనా?

ఇప్పటికి నీళ్ళే ఉన్నాయి. ఊరికే నీళ్ళనకండి. శుద్ధి చేసిన నీళ్ళలో సముద్రపు ఉప్పు కొలిచి కలిపి, ఇసక పరిచి, రాళ్ళు పేర్చి, ప్లంబరు దగ్గర వంకర గొట్టం ముక్క తెచ్చి రాళ్ళ కింద దూర్చారు, అది దాని పడగ్గది. ఇప్పుడు ఖాళీ తొట్టెని వారాల తరబడి నడపాలిట. నీళ్ళలో కంటికి కనపడని జీవులు పుట్టి, విషాన్ని తినడం నేర్చుకునేదాకా. రోజూ గాజు గొట్టంలో నాలుగు చుక్కలు వేసి రంగు చూస్తారు. ఆకుపచ్చ అయితే మొహం మాడ్చుకుంటారు, పసుపు అయితే నవ్వుతారు. ఆపరేషన్ థియేటర్లో పేషెంట్లని నిద్రపుచ్చే మనిషి, ఇంటికొచ్చి నీళ్ళని జోకొడుతున్నారు.

నవ్వుతూ రాస్తున్నాను గాని ఒక మాట అడుగుతాను. ఆయన నాతో మాట్లాడటం బాగా తగ్గించారు. వంటింట్లోంచి ఏదైనా అడిగితే జవాబే ఉండదు. అమ్మాయి కాలేజీ కబుర్లు చెబుతుంటే మధ్యలో లేచి తొట్టె దగ్గరికి వెళ్ళిపోతారు. నేను కాలేజీలో తర్కం చెప్పేదాన్ని కదా, ముప్పూటలా కారణాలు వెతుకుతాను. కాపురంలో మాటలు కూడా సరుకుల్లా అయిపోతాయా వదినగారూ? లేక నాలోనే ఏదైనా లోటా?

మీ గాల్ బ్లాడర్ రాళ్ళ సంగతి ఏం చేశారు? ఇక్కడికొచ్చి చేయించుకోండి. సొంత తమ్ముడు మత్తు డాక్టరై ఉండగా పరాయి వాళ్ళ చేతిలో పడుకోవడం ఏమిటి?

మీ మరదలు


ప్రెస్సు మేడ మీద,
దిద్దని ప్రూఫుల పక్కనుంచి

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం ప్రెస్సులోనే చదివి నవ్వాపుకోలేకపోయాను. కంపోజింగు వాళ్ళు తలలెత్తి చూశారు. పాఠ్యపుస్తకం ప్రూఫు దిద్దుతూ నవ్వే మనిషిని వాళ్ళెప్పుడూ చూళ్ళేదు మరి.

వాడు చిన్నప్పుడూ అంతే. ఏదైనా పట్టుకుంటే వదలడు. వాడి లోకంలో వాడుంటాడు. దానికి నువ్వు నీలో లోటు వెతుక్కోవడం ఏమిటి, కందకు లేని దురద కత్తిపీటకెందుకు? మగాడు ఇంటిపట్టున ఉండి రొయ్యని పెంచుకుంటున్నాడంటే ఎంతమంది ఆడవాళ్ళు నీ మీద కుళ్ళుకుంటారో తెలుసా?

నా రాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. అవి నన్ను కదపవు, నేను వాటిని కదపను. తొందరేం లేదు. ఆ మాట వాడి దగ్గర ఎత్తకు, ఊరికే కంగారు పడతాడు.

ఒక్కటి చెప్పు. ఆ రొయ్య కొట్టినప్పుడు నిజంగా పైకి చప్పుడు వస్తుందా? వాడు ఆ చప్పుడు గురించి నీతో ఏమైనా అన్నాడా?

అమ్మాయికి ముద్దులు.

మీ వదిన


ముందు గది,
తొట్టెకి కాస్త దూరంగా జరిగి

వదినగారూ,

వచ్చింది. మూతి కట్టిన ప్లాస్టిక్ సంచిలో, నా చూపుడు వేలంత. తొట్టెలోకి దింపగానే వంకర గొట్టం చూసుకుని, వెనక్కి వెనక్కి నడిచి లోపల సర్దుకుంది. కాడల మీద నిలబడ్డ రెండు కళ్ళు, ఒకటి నన్నూ ఒకటి అమ్మాయినీ చూస్తున్నాయి. మా అమ్మాయి దానికి ‘అల్లుడుగారు’ అని పేరు పెట్టింది. ఇల్లరికపు అల్లుడట. కూచున్న చోటికి భోజనం రావాలి, నచ్చకపోతే విసిరి కొడతాడు, అలిగితే గులకరాళ్ళతో తలుపు మూసుకుంటాడు.

చప్పుడు సంగతి అడిగారు. వస్తుందా అని నెమ్మదిగా అడుగుతారేమిటండీ! మొదటి రోజు నత్తని వేసి మేము భోజనాలకి కూచున్నాం. ‘టక్’మంది. తుపాకీ పేలిందనుకున్నాను. అమ్మాయి చేతిలో గ్లాసు కిందపడి ముక్కలైంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మీ తమ్ముడు తొట్టెకి వీపు పెట్టి కూచుని నింపాదిగా తింటున్నారు. గ్లాసు పగిలాక నేల వైపు చూసి, “జాగ్రత్తగా పట్టుకోవచ్చు కదమ్మా” అన్నారు.

“నాన్నా, అల్లుడుగారు కొట్టాడు!” అంది అది.

“అవునవును, భలే కొట్టింది” అన్నారు.

థియేటర్లో ఎన్ని చూసిన మనిషి, గుండె నిబ్బరం అనుకున్నాను. మర్నాటి నుంచి ఆయన కుర్చీ మార్చేశారు. తొట్టెకి ఎదురుగా కూచుంటున్నారు. కొట్టినప్పుడల్లా మాతోపాటు ఉలిక్కిపడుతున్నారు. “అబ్బ!” అంటూ గుండె మీద చెయ్యి వేసుకుని మరీ. ముచ్చటేసింది. చాలా కాలానికి ముగ్గురం కలిసి ఒక దానికి ఉలిక్కిపడుతున్నాం అనుకున్నాను.

నిన్న సాయంత్రం జరిగింది చెబుతాను. మీరు నవ్వండి, నాకు మాత్రం నవ్వు రాలేదు.

అల్లుడుగారు తినేసిన గుల్లని బొరియలోంచి బయటికి తోశాడు. కొట్టలేదు. చేత్తో ఇలా విదిలించాడంతే. గుల్ల మెత్తగా ఇసకలో పడింది. గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. మీ తమ్ముడు ఉలిక్కిపడ్డారు. గుండె మీద చెయ్యి వేసుకుని, “అబ్బ! ఇవాళ ఎంత గట్టిగా కొట్టిందో విన్నారా!” అన్నారు.

నేనూ అమ్మాయీ మొహాలు చూసుకున్నాం.

ఏ చప్పుడూ లేదు వదినగారూ. లేని చప్పుడుకి ఆ మనిషి ఉలిక్కిపడ్డారు. పాఠంలో పిల్లలకి చెబుతుంటాను, పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే అని. ఉలికిపాటు ఉంటే చప్పుడు ఉన్నట్టేనా? నేను పొరపడుతున్నానేమో, మీరే చెప్పండి.

మీ మరదలు


ఇంటి వరండా,
హడావుడిగా

మరదలా,

పొరపడుతున్నావు. కంటితో చూస్తే మనసు చప్పుడు కల్పించుకుంటుంది, అందరికీ జరిగేదే. రోజంతా మెషీన్ల మధ్య ఉండి వచ్చే మనిషి అలిసిపోడా? దానికింత తర్కమా? నువ్వు పాఠాలు చెప్పీ చెప్పీ ఇంట్లో గాలిని కూడా పరీక్షకి కూచోబెడుతున్నావు.

ఈ సంగతి బయట ఎవరితోనూ అనకు. ముఖ్యంగా హాస్పిటల్ వాళ్ళతో. డాక్టర్ల పేరు పాడు కావడానికి ఎంతసేపు? అమ్మాయితో కూడా మళ్ళీ ఆ మాట తేవద్దు.

ఉంటాను. పనుంది.

వదిన


కాలేజీ స్టాఫ్ రూమ్,
క్లాసుకి వెళ్ళలేక

వదినా,

ఇన్నేళ్ళూ నిన్ను ‘మీరు’ అన్నాను. ఈ ఉత్తరంలో ‘నువ్వు’ అంటున్నాను. కోపం వచ్చిన చోట బహువచనం నిలబడటం లేదు.

నిన్న ఆయన థియేటర్లో పనిచేసే పెద్ద నర్సు మా ఇంటికి వచ్చింది. త్వరలో రిటైరవుతోంది, ఆ పార్టీకి పిలవడానికి వచ్చి, “సారు ఎప్పుడూ చెబుతుంటారు, ఆ రొయ్యని ఓసారి చూపించండమ్మా” అంది. టీ ఇచ్చాను. ఆయన తొట్టెకి వీపు పెట్టి, ఆవిడ పక్కనే ఉన్న అల్మైరాలో ఏదో వెతుకుతున్నారు. అల్లుడుగారు గట్టిగా కొట్టాడు. నేను ఉలిక్కిపడి టీ ఒలకబోసుకున్నాను.

ఆవిడ ఏం చేసిందో తెలుసా? చేతిలో కప్పు చేతిలోనే ఉంది. రెండో చేత్తో, చూపుడు వేలు ఎత్తి, ఆయన మొహం ముందుకి చాపింది. ఆయన వెంటనే వేలు చూసి, వెనక్కి తిరిగి తొట్టె వైపు చూశారు.

ఒక్క మాట లేదు. ఇద్దరికీ ఎంత అలవాటైన పనంటే, చేశామని కూడా వాళ్ళకి తెలియలేదు. ఆవిడ టీ తాగుతూ, “బలే రంగులు కదమ్మా” అంది. ఆయన నవ్వుతున్నారు.

గేటు దాకా సాగనంపుతూ అడిగాను. “ఆ వేలేమిటి సిస్టర్?”

ఆవిడ తెల్లబోయింది. తర్వాత, “మీకు తెలుసనుకున్నానమ్మా” అంది.

థియేటర్లో మెషీన్ కూత పెట్టినప్పుడల్లా ఆవిడ ఆయనకి వేలు చూపిస్తుందిట. ఆయన తెర వైపు తిరుగుతారుట. ఎప్పట్నుంచి? “ఆ పిల్లాడి కేసు నుంచి.” ఏ పిల్లాడు? ఒక పసివాడికి ఆపరేషన్ జరుగుతుంటే ఒంట్లో ఆక్సిజన్ పడిపోతోంది. మెషీన్ మోగుతోంది. మీ తమ్ముడు అటు తిరిగి మందు సిరంజిలోకి ఎక్కిస్తున్నారు. మోగుతూనే ఉంది. పెదాలు నీలంగా మారుతుండగా ఆవిడ భుజం పట్టి తిప్పింది. పిల్లాడు బతికాడు. మెషీన్‌లో లోపం అని రాసుకుని, మెషీన్ మార్చారు.

మెషీన్ని మార్చారు వదినా!

“నేనున్నంతకాలం ఫరవాలేదమ్మా. నా తర్వాత వచ్చేవాళ్ళకి కూడా చెప్పి వెడతాలెండి” అంది, వంటింట్లో పోపుల డబ్బా ఎక్కడుందో చెప్పి వెళ్ళినంత తేలిగ్గా.

రాత్రంతా ఆయన పక్కన పడుకుని ఆయన మొహమే చూశాను. నన్ను పట్టించుకోవడం లేదని ఏడ్చిన రోజులన్నీ గుర్తొచ్చాయి. జాలిపడాలో, లేపి నిలదియ్యాలో తెలియలేదు. ఏదీ చెయ్యలేదు.

నీ ఆఖరి ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. ‘హాస్పిటల్ వాళ్ళతో అనకు’ అన్నావు. నేను హాస్పిటల్ వాళ్ళ ఊసే ఎత్తలేదే? నీకెలా తోచింది? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ మాట.

నువ్వు ఎన్ని చెప్పినా నేను నమ్మను. ఒక్క ప్రశ్నకి జవాబు రాయి చాలు. నీ రాళ్ళ ఆపరేషనుకి నీ తమ్ముడు మత్తు ఇస్తే, ఆ బల్ల మీద నువ్వు పడుకుంటావా?

నీ మరదలు


మా ఇంటి మంచం మీద నుంచి,
దిండుకి ఆనుకుని

అమ్మలూ,

పడుకోను. పడుకోలేదు.

నా ఆపరేషను అయిపోయింది. మొన్న నీకు హడావుడిగా రాసిన ఉత్తరం, హాస్పిటల్‌కి బయల్దేరుతూ వరండాలో నిలబడి రాసిందే. వేరే ఊళ్ళో, మొహం ఎరగని మత్తు డాక్టరు చేతిలో పడుకున్నాను. మీ అన్నయ్య తప్ప ఎవరికీ తెలియదు. కుట్లు ఇంకా లాగుతున్నాయి, అక్షరం వంకరపోతే అందుకే.

నా ఒక్క ప్రాణం వాడి చేతిలో పెట్టడానికి భయపడి పారిపోయినదాన్ని, వాడి చేతిలోకి రోజూ వస్తున్న అన్ని ప్రాణాల సంగతి తెలిసీ నోరు కుట్టుకున్నాను. ఇంతకంటే నన్ను నువ్వు తిట్టగలిగితే తిట్టు.

ఇంకొకటి కూడా నీకు చెప్పాలి. నేను ఎప్పుడూ స్నానంలో ఉండను. నాకు ఫోను వినపడదు. జుట్టు చెవుల మీదికి దువ్వుకునేది సోకు కోసం కాదు, వెనక వినికిడి మిషన్లున్నాయి. మనం కలిసినప్పుడు నీ మొహంలోకే చూస్తూ వింటానని, ‘మా వదినంత శ్రద్ధగా ఎవరూ వినరు’ అని నువ్వు అందరికీ చెప్పుకుంటావు. నీ పెదాలు చదువుతున్నాను తల్లీ. ప్రెస్సులో మేడ మీద పని అడిగి పుచ్చుకున్నదీ అందుకే. ప్రూఫులు మాట్లాడవు.

ఇది మా ఇంటి జబ్బు. మా నాన్న గడియారాలు బాగుచేసేవాడు. వాచీ చెవి దగ్గర పెట్టుకుని ఏ పన్ను అరిగిందో చెప్పేవాడు. వీడి వయసుకి వచ్చేసరికి వాచీ నా చెవి దగ్గర పెట్టి, “నడుస్తోందా?” అని అడిగేవాడు. ఊళ్ళో కుర్రకారు ఆగిపోయిన వాచీలు తెచ్చి, “బాగా కొట్టుకుంటోంది కదండీ” అని ఆటపట్టించేవాళ్ళు. ఆయన “భేషుగ్గా ఉంది” అనేవాడు. కొట్టు బయట నవ్వులు మేమిద్దరం విన్నాం. ఆయన వినలేదు.

నాకు మొదలైనప్పుడు తమ్ముడితో చెప్పాను. వాడికి మొదలైనప్పుడు వాడు నాతో చెప్పాడు. ఒకరి సంగతి ఒకరం బయటపెట్టకూడదనుకున్నాం. మా నాన్న పడ్డ నవ్వులు మేం పడకూడదు, అంతే అనుకున్నాం. నా పొరపాటుకైతే ప్రూఫులో అక్షరం పోతుంది. వాడికి ఏం పోతుందో తెలిసి కూడా ఆలోచించడం మానేశాను. మింగలేక కక్కలేక ఇన్నాళ్ళు ఉన్నానని చెప్పను. సుఖంగానే మింగాను. నువ్వు అడిగేదాకా.

ఆ పిల్లాడి సంగతి నాకు తెలియదు. వాడు చెప్పలేదు. అది నీ ఉత్తరంలోనే చదివాను.

ఈ ఉత్తరం వాడి చేతిలో పెట్టు. దాచకు. నా కుట్ల సంగతి వాడు చదవాలి.

నన్ను ఇక మీదట ‘నువ్వు’ అనే అను.

వదిన


తొట్టె ముందు నుంచి

అక్కా,

నీ ఉత్తరం మా ఆవిడ నా ఒళ్ళో పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఫోన్ చేద్దామనుకున్నాను. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకోవడం అంటే రెండు గోడలు కబుర్లు చెప్పుకోవడమే కదా. అందుకని రాస్తున్నాను.

కుట్లు చీము పట్టకుండా చూసుకో. ముందు డాక్టరుగా ఆ మాట. తమ్ముడిగా ఏం రాయాలో తెలియడం లేదు. ఊరంతా చెవిటివాడని వేలెత్తి చూపినా ఇంత తగిలేది కాదు. నీ పొట్ట మీద కుట్లు, నా చెవులకి వచ్చిన రిపోర్టు.

ఈ రొయ్యని ఎందుకు తెచ్చానో ఆవిడకి నిన్ననే చెప్పాను. చెవి డాక్టరు దగ్గరికి వెళితే సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. ఇంట్లో హెడ్‌ఫోన్ తగిలించుకుని, కంప్యూటర్ బీప్‌లతో నాకు నేనే పరీక్ష చేసుకునేవాణ్ణి. కాని దొంగాట ఆడేవాణ్ణి అక్కా. బీప్ ఎప్పుడొస్తుందో ఊహించి మీట నొక్కేవాణ్ణి, మార్కులు బాగా వచ్చేవి. ఎప్పుడు మోగుతుందో నేను ఊహించలేని చప్పుడు కావాలనిపించింది. దీని గురించి చదివాను. ఇది కొట్టింది వినపడితే ఇంకొన్నాళ్ళు ఫరవాలేదు అనుకున్నాను. మొదటి రోజు దానికి వీపు పెట్టి కూచున్నది కావాలనే. గ్లాసు పగిలింది చూశాను. చప్పుడు మాత్రం రాలేదు.

అప్పటికే తెలిసిపోయింది. అయినా కుర్చీ తిప్పుకుని ఉలిక్కిపడటం నేర్చుకున్నాను. మర్నాడు మళ్ళీ థియేటర్‌కి వెళ్ళాను.

రేపు వెళ్ళి మా హాస్పిటల్ పెద్ద డాక్టరుతో చెప్పేస్తాను. ఆవిడని కూడా రమ్మన్నాను. నేను చెప్పాల్సింది నేను చెప్పగలను. ఆయన ఏమంటాడో విని చెప్పడానికి నాకో మనిషి కావాలి.

తమ్ముడు


హాస్పిటల్ ఎదుటి టీ కొట్టు నుంచి,
ఆయన కారు తేవడానికి వెళ్ళాక మొదలుపెట్టి, ఇంటికొచ్చి ముగించినది

వదినా,

జరిగింది ముందు నీకే చెబుతున్నాను. ఆయనకి సగమే తెలుసు.

పెద్ద డాక్టరు థియేటర్ బయట కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటున్నారు. మూతికి మాస్కు కట్టేసుకున్నారు. పెదాలు కనపడవు, పైగా నీళ్ళ చప్పుడు. ఇంకోచోట, ఇంకోసారి చెబుదామని నేను ఆయన చెయ్యి లాగాను. ఆయన ఆగలేదు. నిటారుగా నిలబడి చెప్పారు. తనకి మెషీన్ల కూత వినపడటం లేదని, చాలాకాలంగా వినపడటం లేదని, ఆ పిల్లాడి కేసులో మెషీన్ తప్పు లేదని, ఇవాళ్టి నుంచి ఎవరికీ మత్తు ఇవ్వనని. అవసరానికి మించి గట్టిగా మాట్లాడారు. వరండాలో వాళ్ళంతా తిరిగి చూశారు. వాళ్ళు చూస్తున్నది ఎందుకో ఆయనకి తెలియలేదు.

నేను పెద్ద డాక్టరు మొహం చూస్తున్నాను. నివ్వెరపోతారనుకున్నాను. తిడతారనుకున్నాను. ఆయన చేతులు రుద్దుకోవడం ఆపలేదు.

“తెలుసమ్మా” అన్నారు నాతో, “నాకెప్పుడో తెలుసు. తెలియకే ఆయన పక్కన ఆ నర్సుని ఉంచాననుకున్నారా?”

నివ్వెరపోయింది నేను.

“ఈ భాగవతం తర్వాత చూద్దాం. లోపల టాన్సిల్స్ పిల్ల ఉంది, రాత్రి నుంచి పస్తు. ఇంకో మత్తు డాక్టరు రేపటి దాకా దొరకడు. ఈ ఒక్కటీ కానిచ్చేయమను. వేలు చూపించడానికి మనిషి ఉందిగా. ఇన్నాళ్ళు నడవలేదూ?”

మీ తమ్ముడు నా వైపు తిరిగారు. “ఏమంటున్నారు?”

నేనెలాంటిదాన్నో నీకు తెలుసు. కూర కొనడానికి పది కొట్లు తిరుగుతాను. అటూ ఇటూ రెండు వైపులా వాదించడం నా ఉద్యోగం. మీ అక్కాతమ్ముళ్ళు ఇంతకాలం నా దగ్గర నిజం దాచారని నిన్నటిదాకా కుతకుతలాడిపోయాను. ఆయన నా నోటి వైపు చూస్తున్నారు, నేనేం చెబితే అదే పెద్ద డాక్టరు మాట. ఉన్నది ఉన్నట్టు చెబితే ఈయన ఆ పస్తున్న పిల్లని తలుచుకుని ‘సరే, ఇదొక్కటే’ అంటారేమో. అననే అనరేమో. ఆ ‘ఏమో’ని ఒక పిల్ల ప్రాణం మీద పెట్టి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

“ఇంటికి వెళ్ళమంటున్నారు” అన్నాను. “పిల్ల ఆపరేషను వాయిదా వేస్తారట.”

కుళాయి కింద చేతులు ఆగిపోయాయి. పెద్ద డాక్టరు నన్ను చూశారు. ఒక్క క్షణం మాస్కు కిందికి లాగితే చాలు, నా అబద్ధం బయటపడేది. లాగలేదు. ఎందుకు లాగలేదో నేను ఆలోచిస్తూనే ఉన్నాను. సిగ్గుపడ్డారో, అంతమంది ముందు భయపడ్డారో, నేను అలా అంటానని ఊహించక కొయ్యబారిపోయారో.

మీ తమ్ముడు ఆయనకి రెండు చేతులూ జోడించి, “థాంక్యూ సర్. మీరు అర్థం చేసుకుంటారనుకోలేదు” అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకున్నాను. ఈయన ఆ పెద్ద డాక్టరుని ఇకనుంచీ గొప్పవాడని తలుచుకుంటూ బతుకుతారు. ఆ నమ్మకాన్ని నేను ఎప్పుడో ఒకప్పుడు విరగ్గొట్టాలా? నిజం దాచాలా? దాస్తే మీ ఇద్దరికీ నాకూ తేడా ఏముంది? నాకు తెలియడం లేదు వదినా. ఈ ఉత్తరం నీకు పోస్టు చేస్తే నిన్ను కూడా మళ్ళీ ఒక రహస్యంలోకి దింపినట్టే అని కూడా తెలుసు. అయినా రాస్తున్నాను.

బయటికొస్తుంటే వార్డు ముందు బెంచీ మీద ఆ పిల్ల కూచుని ఉంది, ఆకుపచ్చ గౌను వేసుకుని, కాళ్ళు ఊపుకుంటూ. వాళ్ళమ్మ ఈయన్ని చూసి లేచి, “డాక్టరుగారూ, ఇంకెంతసేపండీ? ఆకలని ప్రాణం తీస్తోంది” అంది. ఈయన అప్పటికే ముందుకి వెళ్ళిపోయారు.

“ఇవాళ లేదమ్మా” అన్నాను నేను. “ఏదైనా పెట్టెయ్యండి.”

ఆవిడ బెదిరిపోయింది. “ఏమైందండీ? పిల్లకేమైనా తేడా ఉందా?”

“పిల్లకేం లేదు. మత్తు డాక్టరు లేరు.”

అనేశాక తెలిసింది నాకే, ఏమన్నానో. ఆవిడ సంచీలోంచి బిస్కెట్ల పొట్లం తీసింది. పిల్ల లాక్కున్నంత పని చేసి నోట్లో కుక్కుకుంది. నేను వెనక పడ్డానని మీ తమ్ముడు తిరిగొచ్చారు. పిల్ల ఈయన్ని చూసి, నోటినిండా పెట్టుకునే ఏదో అంది. పొడి రాలింది.

ఆయన వంగి దాని మొహంలోకి చూశారు. అర్థం కాలేదు. నా వైపు చూసి, “ఏమంటోంది?” అన్నారు.

“మీకూ ఒకటి ఇవ్వమంటోంది వాళ్ళమ్మని” అన్నాను.

అది మాత్రం నిజంగానే అంది వదినా. ఆయన బెంచీ మీద ఆ పిల్ల పక్కన కూచుని, చెయ్యి చాపి, ఆ బిస్కెట్ తీసుకున్నారు.

నీ మరదలు